కంపెనీ గేటు లోపల... హెల్పరా? ఆపరేటరా?

కొన్ని నెలల క్రితం ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని బయటకు వస్తుండగా, మా బస్తీలో ఆటో నడుపుకునే ఒక సోదరుడు నన్ను మసీదు మెట్ల దగ్గర ఆపాడు. చేతిలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. "మౌల్వీసాబ్, మా పెద్దబ్బాయికి సౌదీలో ప్లాంటు ఉద్యోగం వచ్చింది. ఆపరేషన్ పనేనట. ఒకసారి చదివి చెప్పండి" అన్నాడు. అతని ముఖంలో సంతోషం కనిపిస్తోంది.

కాగితం మీద ఒకవైపు ఇంగ్లీషు, మరోవైపు అరబీ ఉన్నాయి. ఇంగ్లీషులో 'ప్లాంట్ ఆపరేషన్ హెల్పర్' అని రాసి ఉంది. అరబీ వైపున ఉద్యోగం పేరు ఉండవలసిన చోట ఒకే ఒక్క మాట ఉంది: 'ఆమిల్'. అంటే కూలీ. ఏజెంటు అడిగినది లక్షా ఇరవై వేలు. అందులో నలభై వేలు అప్పటికే ఇచ్చేశారు. ఇంట్లో ఆమె గాజులు కుదువబెట్టారు. అబ్బాయి పదవ తరగతి పాసై, ఇంటర్ మధ్యలో మానేశాడు. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి.

"భాయ్‌సాబ్, ఇది ఆపరేటర్ ఉద్యోగం కాదు. డ్రమ్ములు దొర్లించే పని" అని చెప్పడానికి నాకు కొంతసేపు నోరు రాలేదు.

కూలి పని హీనమైనదని నా ఉద్దేశం కాదు. చెమటోడ్చి సంపాదించే ప్రతి రూపాయీ గౌరవమైనదే. ఐతే ఒకే గేటు లోపలికి ఇద్దరు యువకులు వెళ్తారు. ఒకడు ఇరవై ఏళ్ల తర్వాత కూడా హెల్పర్‌గానే ఉంటాడు. మరొకడు షిఫ్ట్ ఇన్‌చార్జి అవుతాడు. వీరిద్దరి మధ్య తేడా ఎక్కువగా తెలివిలో లేదు. పదవ తరగతి తర్వాత వేసిన ఒక్క అడుగులో ఉంది. ఆ అడుగు ఏమిటో మన కుటుంబాలలో చాలామందికి తెలియదు. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

ఆపరేటర్ అంటే ఎవరు?

చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీ, మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ, భారజల కర్మాగారం - వీటన్నిటిలోనూ ముడి పదార్థం పైపుల్లో, ట్యాంకుల్లో, రియాక్టర్లలో ప్రయాణిస్తూ సరుకుగా మారుతుంది. ఈ ప్రయాణంలో వేడి ఎంత, ప్రెషర్ ఎంత, పైపులో ప్రవాహం ఎంత, ట్యాంకులో మట్టం ఎంత అనే నాలుగు విషయాలను రాత్రింబవళ్లు కనిపెట్టి, హద్దు దాటకుండా చూసేవాడే ప్రాసెస్ ఆపరేటర్. రిఫైనరీల్లో ఇతన్ని ప్రాసెస్ టెక్నీషియన్ అంటారు. ఐటిఐ సర్టిఫికెట్లో 'అటెండెంట్ ఆపరేటర్ - కెమికల్ ప్లాంట్' అని ఉంటుంది. మందుల ఫ్యాక్టరీల్లో ప్రొడక్షన్ ఆపరేటర్ అంటారు. పేర్లు వేరైనా పని ఒకే జాతికి చెందినది.

ఆపరేటర్లలో రెండు రకాలవారు ఉంటారు. ఒకరు ఫీల్డ్ ఆపరేటర్. హెల్మెట్ పెట్టుకొని ప్లాంటంతా తిరుగుతూ పంపుల చప్పుడు వింటారు, గేజీలు చూస్తారు, వాల్వులు తెరుస్తారు, మూస్తారు, లేబొరేటరీకి శాంపిల్ తీస్తారు. మరొకరు ప్యానెల్ ఆపరేటర్. కంట్రోల్ రూములో కంప్యూటర్ తెరల ముందు కూర్చుని యూనిట్ మొత్తాన్ని నడుపుతారు. సాధారణంగా కొన్నేళ్లు ఫీల్డులో తిరిగినవారికే ప్యానెల్ అప్పగిస్తారు. ప్రతి పైపూ కాళ్లతో తిరిగి తెలుసుకున్న మనిషికే తెరమీద గీత అర్థమవుతుంది గనుక ఇది న్యాయమైన పద్ధతి.

రోజుకు మూడు షిఫ్టులు. పండుగైనా, వర్షమైనా ప్లాంటు ఆగదు. ప్రతి షిఫ్టులోనూ లాగ్‌బుక్కు రాయాలి. ఎన్ని గంటలకు ఏ రీడింగ్ ఉంది, ఏ పంపు నడుస్తోంది, ఏ పంపు మరమ్మతులో ఉంది, ఏ వాల్వుకు తాళం వేశారు - ఇవన్నీ రాసి, వచ్చే షిఫ్టువారికి నోటితో కూడా చెప్పి అప్పగించాలి. ఉర్దూలో మనం 'అమానత్' అంటామే, ఈ లాగ్‌బుక్కు అచ్చంగా అదే. నా చేతిలోంచి నీ చేతిలోకి వచ్చే అప్పగింత.

ఒక అప్పగింత విలువ

ఈ అప్పగింత విలువ ఎంతో తెలియాలంటే భోపాల్‌ను గుర్తుచేసుకోవాలి. 1984 డిసెంబర్ 2వ తేదీ రాత్రి అక్కడి పురుగుమందుల ఫ్యాక్టరీలో, మిథైల్ ఐసోసయనేట్ నిల్వచేసిన 610వ నంబరు ట్యాంకులోకి నీరు చేరింది. రాత్రి 10 గంటల 20 నిమిషాలకు ఆ ట్యాంకులో ప్రెషర్ 2 పౌండ్లు. పావు తక్కువ పదకొండుకు షిఫ్టు మారింది. 11 గంటలకు కొత్త షిఫ్టు ఆపరేటర్ చూసేసరికి 10 పౌండ్లు. పదనేది మామూలు హద్దుల్లోని అంకె గనుక అతనికి అనుమానం రాలేదు. 40 నిమిషాల్లో 2 నుంచి 10కి ఎక్కిందన్న సంగతి గమనించి ఉంటే అది మొదటి హెచ్చరిక అయ్యేది. ఆ తర్వాత జరిగింది లోకమంతటికీ తెలుసు. పాత భోపాల్ బస్తీలలో వేలమంది నిద్రలోంచి లేచి పరుగెత్తుతూ ప్రాణాలు కోల్పోయారు.

తప్పంతా ఆ ఆపరేటర్‌దే అనడం అన్యాయం. ట్యాంకును చల్లగా ఉంచే యంత్రాన్ని యాజమాన్యం అంతకు నెలల ముందే ఆపేసింది. వాయువును కాల్చివేసే ఫ్లేర్ టవర్‌కు పైపు కలిపి లేదు. ఖర్చు తగ్గింపు పేరుతో ఆ యూనిట్‌లో షిఫ్టు సిబ్బందిని సగానికి తగ్గించారు. ఐనా ఒక అంకెను దాని ముందు అంకెతో పోల్చి చూడటం ఎంత పెద్ద విద్యో ఆ రాత్రి చెబుతుంది. కంపెనీ ఆపరేటర్‌కు జీతం ఇచ్చేది ప్రధానంగా ఈ విద్యకే.

మన దగ్గరా ఇలాంటివి జరిగాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ట్యాంకు వేడెక్కి ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. ట్యాంకు పై భాగంలో వేడి ఎంతో తెలుసుకునే ఏర్పాటు లేదని, ఊరిని లేపవలసిన సైరన్ మోగలేదని విచారణలో తేలింది. 2025 జూన్ 30న పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు బలయ్యారు. వారిలో చాలామంది పొట్టకూటి కోసం ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు.

భయపెట్టడానికి ఇవి రాయలేదు. శిక్షణ లేకుండా ఈ గేటు లోపలికి పిల్లలను పంపకూడదని చెప్పడానికే రాశాను. నైట్రోజన్ నింపిన ట్యాంకులోకి తల పెడితే ఒకటి రెండు శ్వాసల్లో మనిషి కూలిపోతాడు. దానికి రంగు లేదు, వాసన లేదు. అతన్ని లాగబోయి వెనుక దిగినవాడూ చనిపోతాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ఐతే మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది గదా, ప్రమాదం తప్పిందని అనుకున్నవాడే చిక్కుకుంటాడు. శిక్షణ పొందిన ఆపరేటర్‌కు ఇవి మొదటి నెలలోనే నేర్పుతారు. కాంట్రాక్టర్ పొద్దున అడ్డామీద ఎక్కించుకొచ్చిన కుర్రవాడికి ఎవరూ చెప్పరు.

పదవ తరగతి తర్వాత దారులు

ఈ ఉద్యోగానికి నాలుగు దారులు ఉన్నాయి.

మొదటిది ఐటిఐ. 'అటెండెంట్ ఆపరేటర్ - కెమికల్ ప్లాంట్' అనేది రెండేళ్ల ట్రేడ్. పదవ తరగతి సైన్సు, లెక్కలతో పాసై ఉండాలి. పంపులు, కంప్రెసర్లు, వాల్వులు, హీట్ ఎక్స్‌ఛేంజర్లు, డిస్టిలేషన్, ఫిల్టర్లు, డ్రయర్లు, కొలిచే పరికరాలు, భద్రత ఇందులో నేర్పుతారు. దీనికి తోబుట్టువుల వంటి ట్రేడ్‌లు మరి మూడున్నాయి. కెమికల్ ప్లాంటుకు సంబంధించిన ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, మెయింటెనెన్స్ మెకానిక్, లేబొరేటరీ అసిస్టెంట్. ఐతే ఈ ట్రేడ్‌లు ప్రతి ఐటిఐలోనూ ఉండవు. ఇంటికి దగ్గరని ఏదో ఒక ట్రేడ్‌లో చేర్పించకుండా, ఈ ట్రేడ్ ఎక్కడ ఉందో జిల్లా ఐటిఐ ప్రిన్సిపాల్‌ను అడిగి తెలుసుకోవాలి. ప్రైవేటు ఐటిఐ ఐతే దానికి ప్రభుత్వ గుర్తింపు ఉందా, ఆ ట్రేడ్‌కు ఉందా అని విడివిడిగా చూడాలి.

రెండవది పాలిటెక్నిక్. పదవ తరగతి తర్వాత పాలిసెట్ రాసి కెమికల్ ఇంజనీరింగ్ డిప్లొమాలో చేరడం. ఇదే అన్నిటికంటే బలమైన దారి అని నా అభిప్రాయం. ఎందుకంటే రిఫైనరీలు ప్రాసెస్ టెక్నీషియన్ పోస్టులకు ముఖ్యంగా అడిగేది ఈ డిప్లొమానే. విశాఖలోని హిందుస్తాన్ పెట్రోలియం రిఫైనరీ ఇందుకు ఉదాహరణ. 1957లో కాల్టెక్స్ కంపెనీ ప్రారంభించిన ఈ రిఫైనరీ నేడు ఏటా కోటీ యాభై లక్షల టన్నుల ముడి చమురును శుద్ధిచేసే స్థాయికి పెరిగింది.

మూడవది ఇంటర్ ఎంపీసీ. అణుశక్తి శాఖ సంస్థలు ఇంటర్ ఎంపీసీ చదివినవారిని ప్లాంట్ ఆపరేటర్ ట్రైనీలుగా తీసుకొని, స్టైపెండ్ ఇస్తూ తామే శిక్షణ ఇస్తాయి. మణుగూరులోని భారజల కర్మాగారం ఆ శాఖదే. ఇంటర్ అయ్యాక డిగ్రీకి ఫీజు కట్టలేని ఇళ్లలోని పిల్లలు ఈ ప్రకటనల కోసం కాచుకొని ఉండాలి. వయోపరిమితి తక్కువగా ఉంటుంది గనుక ఆలస్యం పనికిరాదు.

నాలుగవది బీఎస్సీ. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీతో డిగ్రీ చేసినవారిని ఇండియన్ ఆయిల్ రిఫైనరీలు ఇదే అటెండెంట్ ఆపరేటర్ ట్రేడ్‌లో ఏడాది అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. మందుల ఫ్యాక్టరీల్లో ప్రొడక్షన్, క్వాలిటీ విభాగాలకూ ఈ డిగ్రీ పనికివస్తుంది. కెమిస్ట్రీ చదివిన మన ఆడపిల్లలు ఎందరో పెళ్లి కుదిరేదాకా ట్యూషన్లు చెప్పి ఊరుకుంటున్నారు. లేబొరేటరీ ఉద్యోగం వారికి అందని ద్రాక్ష కాదు. కంట్రోల్ రూములోనూ నేడు ఆడపిల్లలు కూర్చుంటున్నారు.

మదర్సా, ఉర్దూ మీడియం పిల్లల సంగతి

నా శిష్యుల్లో కొందరు హిఫ్జ్ పూర్తిచేసి, 16 ఏళ్లకు చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేకుండా నిలబడతారు. వారికి ఓపెన్ స్కూల్ ఉంది. జాతీయ ఓపెన్ స్కూల్ పదవ తరగతి పరీక్షను ఉర్దూలోనూ, తెలుగులోనూ రాయవచ్చు. ఐతే ఒక హెచ్చరిక. ఓపెన్ స్కూల్లో సబ్జెక్టులు మనమే ఎంచుకుంటాం. సులువని లెక్కలు, సైన్సు వదిలేసి వేరే సబ్జెక్టులతో పాసైతే, సర్టిఫికెట్ వస్తుంది గాని ఈ ట్రేడ్ తలుపు తెరుచుకోదు. ఆ రెండూ తప్పనిసరిగా పెట్టుకోవాలి.

ఉర్దూ మీడియం పిల్లల కోసం మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లోనూ, కడపలోనూ పాలిటెక్నిక్‌లు నడుపుతోంది. మనకు అది గర్వకారణం. కాని ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ప్లాంటులో లాగ్‌బుక్కు ఇంగ్లీషులో ఉంటుంది. తోటి ఆపరేటర్ వాకీటాకీలో తెలుగులోనో, హిందీలోనో అరుస్తాడు. 'వాల్వు మూయి' అన్నది 'తెరువు' అని వినబడితే అది భాషా సమస్యగా మిగలదు, ప్రాణాల సమస్య అవుతుంది. గనుక ఏ మీడియంలో చదివినా, ఇంగ్లీషులో పది వాక్యాల రిపోర్టు తప్పుల్లేకుండా రాయడం, తెలుగు ధారాళంగా మాట్లాడటం పిల్లలకు నేర్పాలి.

రిజర్వేషన్ విషయంలో కూడా పొరపాట్లు జరుగుతున్నాయి. రాష్ట్రంలో ఐటిఐ, పాలిటెక్నిక్ ప్రవేశాలకు బీసీ-ఇ వర్గాలకు 4 శాతం వర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకు చూసేది కేంద్ర ఓబీసీ జాబితాను. దూదేకులవారు ఆ జాబితాలో ఉన్నారు. బీసీ-ఇ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అక్కడ ఓబీసీ కాలేరు. కేంద్ర జాబితాలో లేనివారు, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి, ఆస్తి నిబంధనలకు లోబడితే, ఈడబ్ల్యుఎస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. తప్పు గడిలో టిక్కు పెట్టి, ఎంపికైన తర్వాత సర్టిఫికెట్ల పరిశీలనలో వెనక్కి వస్తే ఆ బాధ చెప్పనలవి కాదు.

అప్రెంటిస్‌షిప్ - అసలైన బడి

ఐటిఐ సర్టిఫికెట్ చేతికి రాగానే చదువు పూర్తయిందని అనుకోకండి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం పెద్ద ఫ్యాక్టరీలు అప్రెంటిస్‌లను తీసుకొని, స్టైపెండ్ ఇచ్చి పని నేర్పాలి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ప్రమాదకర పరిశ్రమలలో చేరడానికి 18 ఏళ్లు నిండి ఉండాలి. చివర పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది.

స్టైపెండ్ తక్కువని చాలామంది తల్లిదండ్రులు అప్రెంటిస్‌షిప్ మాన్పించి, నాలుగు వేలు ఎక్కువ వచ్చే కాంట్రాక్ట్ పనిలో పెడుతున్నారు. ఇది పచ్చి కాయను కోసి అమ్ముకోవడం వంటిది. నడుస్తున్న ప్లాంటులో ఒక ఏడాది గడిపిన అనుభవం తర్వాత ప్రతి దరఖాస్తులోనూ పనికివస్తుంది. 'ఏడాది అనుభవం తప్పనిసరి' అనే షరతు చాలా ప్రకటనల్లో ఉంటుంది. అప్రెంటిస్‌షిప్ అయిపోగానే అదే కంపెనీ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. ఈ సంగతి పిల్లవాడికి ముందే చెప్పాలి. లేకపోతే ఏడాది చివర నిరాశపడతాడు.

పరీక్షలో, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?

ప్రభుత్వ రంగ రిఫైనరీలలో కంప్యూటర్ మీద రాతపరీక్ష ఉంటుంది. లెక్కలు, తర్కం, ఇంగ్లీషు ఒక భాగం, వృత్తి విషయం మరో భాగం. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూ తీసివేసింది. దాని బదులు కొన్ని సంస్థలు నైపుణ్య పరీక్ష పెడతాయి. అంటే సిఫారసుతో ఇప్పిస్తానని డబ్బు అడిగేవాడు మోసగాడని గ్రహించాలి. ఏ రిఫైనరీ కూడా ఉద్యోగానికి డిపాజిట్ కట్టించుకోదు.

ప్రైవేటు ఫ్యాక్టరీల్లో ఇంటర్వ్యూ ఉంటుంది. అక్కడ కఠినమైన ప్రశ్నలు అడగరు. చేతితో పనిచేసినవాడు చెప్పగలిగే ప్రశ్నలు అడుగుతారు. మచ్చుకు ఒకటి: "సెంట్రిఫ్యూగల్ పంపును ఎలా స్టార్ట్ చేస్తావు?" సక్షన్ వాల్వు పూర్తిగా తెరిచి, పంపులో గాలి తీసేసి ద్రవం నింపి, డిశ్చార్జ్ వాల్వు మూసి ఉంచి మోటారు వేసి, ఆపై డిశ్చార్జ్ మెల్లగా తెరవాలి. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "పిస్టన్ పంపును కూడా అలాగే స్టార్ట్ చేస్తావా?" అవునన్నవాడు ఇంటికి. డిశ్చార్జ్ మూసి పిస్టన్ పంపు వేస్తే ప్రెషర్ పెరుగుతూనే పోయి పైపో, పంపో పగులుతుంది. పుస్తకం బట్టీ పట్టినవాడు మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాడు. అర్థం చేసుకున్నవాడే రెండోదానికి చెబుతాడు.

ఇంకా, ఫ్లాష్ పాయింట్ అంటే ఏమిటి, సేఫ్టీ వాల్వు ఎందుకు, గాలి సరఫరా ఆగితే ఏ కంట్రోల్ వాల్వు తెరుచుకోవాలి, ఏది మూసుకోవాలి, ట్యాంకులోకి మనిషిని దింపే ముందు ఏ పరీక్షలు చేయాలి వంటివి అడుగుతారు. టోలీన్ వంటి సాల్వెంట్‌ను డ్రమ్ములోంచి పోసేటప్పుడు ఎర్త్ వైరు ఎందుకు తగిలించాలని అడిగితే, స్థిర విద్యుత్తు నిప్పురవ్వ సంగతి చెప్పగలగాలి. తర్వాత వైద్య పరీక్ష. చూపు, రంగులు గుర్తించడం, వినికిడి చూస్తారు. రంగులు సరిగా కనిపించని పిల్లవాడికి ఆ సంగతి రెండేళ్ల చదువు తర్వాత తెలియడం కంటే చేరేముందే కంటి డాక్టరుకు చూపించడం మేలు.

మరో ప్రశ్న తరచుగా వస్తుంది. "రీడింగ్ తీయడం మర్చిపోయావు. షిఫ్టు అయిపోవస్తోంది. లాగ్‌షీట్లో ఏం రాస్తావు?" ముందు గంట, తర్వాత గంట అంకెలు చూసి మధ్యలో ఒకటి రాసేస్తానని కొందరు తెలివిగా చెబుతారు. ఆ తెలివే కొంప ముంచుతుంది. తీయలేదని రాసి, ఇన్‌చార్జికి చెప్పాలి. మందుల ఫ్యాక్టరీల్లోనైతే లేని అంకె రాయడం ఘోరమైన నేరం. అమెరికా ఔషధ సంస్థ తనిఖీలలో ఇలాంటి దొంగ రాతలు బయటపడి మన దేశపు ఫ్యాక్టరీల సరుకు అక్కడికి రాకుండా నిలిపివేసిన సందర్భాలు ఉన్నాయి. అబద్ధం రాయకుండా ఉండటం మన ఇళ్లలో చిన్నప్పటి నుంచీ చెప్పే మాటే గదా! ఇక్కడ అది వృత్తి అర్హత కూడా.

మన ఊరి ఫ్యాక్టరీలు

1961లో ఏర్పడిన ప్రభుత్వ ఔషధ సంస్థ ఐడిపిఎల్ బాలానగర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. అందులో పని నేర్చినవారే తర్వాత హైదరాబాద్ చుట్టూ మందుల పరిశ్రమను పెంచారు. నేడు జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం, అటు పరవాడ, అచ్యుతాపురం, పైడిభీమవరం - ఇన్ని చోట్ల ఆపరేటర్ల అవసరం ఉంది. 1999లో మూతపడిన రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ స్థానంలో కొత్త ఫ్యాక్టరీ 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది.

ఐతే చేరేముందు కొన్ని విషయాలు చూసుకోవాలి. నియామక పత్రం కంపెనీ ఇస్తుందా, కాంట్రాక్టర్ ఇస్తాడా? పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? పత్రంలో ఉద్యోగం పేరు ఏమని రాశారు? చేరిన మొదటివారం భద్రతా శిక్షణ ఇచ్చారా, లేక వచ్చిన రోజే రియాక్టర్ దగ్గర నిలబెట్టారా? రెండోది జరిగితే ఆ కంపెనీలో ఉండటం మంచిది కాదు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రాణాపాయం పొంచి ఉందని అనుమానం వస్తే ఆ సంగతి యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును కార్మికులకు ఇచ్చారు. 2020లో వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. భయపడి నోరు మూసుకోవడం వినయం అనిపించుకోదు.

షిఫ్టు ఉద్యోగంలో కొన్ని ఇబ్బందులు ఉన్న మాట వాస్తవమే. రాత్రి డ్యూటీ చేసివచ్చినవాడు పగలు నిద్రపోవాలి. ఇంట్లో టీవీ మోత తగ్గించడం కూడా అతనికి సాయమే. జుమా రోజు పగటి షిఫ్టు పడితే ముందుగానే ఇన్‌చార్జితో మాట్లాడి, తోటివారికి చార్జి అప్పగించి వెళ్లాలి. చెప్పకుండా ప్యానెల్ వదిలి వెళ్లడం ఏ కారణంతోనూ సమర్థనీయం కాదు. రంజాన్‌లో వేసవి ఎండలో ఫర్నేస్ దగ్గర పని ఉంటే, ఉపవాసం సంగతి ముందే చెప్పి పని మార్పించుకోవడంలో సిగ్గుపడవలసింది లేదు.

గల్ఫ్‌కు వెళ్లాలనుకుంటే

జుబైల్, యాన్బూ, రువైస్, రస్ లఫాన్, మీనా అల్ అహ్మదీ - ఈ పేర్లు మన ఇళ్లలో తెలియనివి కావు. అక్కడి రిఫైనరీలు, గ్యాస్ ప్లాంట్లు అనుభవం ఉన్న మన ఆపరేటర్లను తీసుకున్నాయి, తీసుకుంటున్నాయి. ఐతే అక్కడి ప్రభుత్వాలు తమ యువకులకు ఉద్యోగాలు కల్పించే విధానాలు తెచ్చాయి. సౌదీలో 2011 నుంచి నితాఖాత్ అమలులో ఉంది. గనుక శిక్షణ లేని కుర్రవాడికి అక్కడ ఆపరేటర్ కుర్చీ ఎవరూ ఇవ్వరు. డిప్లొమాతో పాటు ఇక్కడి ప్లాంటులో కొన్నేళ్ల అనుభవం, అటెస్టేషన్ చేయించిన సర్టిఫికెట్లు ఉన్నవాడికే పిలుపు వస్తుంది. ముందు ఇక్కడ నేర్చుకొని, తర్వాత అక్కడికి వెళ్లడమే సరైన క్రమం.

1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టర్ అయిన ఏజెంటు ద్వారానే వెళ్లాలి. ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగేది అక్రమం. కేంద్ర ప్రభుత్వ ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు లైసెన్సు నంబరు సరిచూసుకోవచ్చు. తెలంగాణలో ప్రభుత్వమే టామ్‌కామ్ అనే సంస్థను నడుపుతోంది. అన్నిటికంటే ముందు, కాంట్రాక్టులో ఉద్యోగం పేరు రెండు భాషలలోనూ చదివించుకోండి. మీ బస్తీలో అరబీ తెలిసినవారు ఒకరైనా ఉంటారు. సంతకం పెట్టాక చదివించుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

ఆ ఆటో సోదరుని విషయం చెప్పి ముగిస్తాను. ఆ రోజు అతను ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. రెండు వారాల తర్వాత కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. మిగతా డబ్బు కట్టలేదు. ఇచ్చిన నలభై వేలలో ఇరవై ఐదు తిరిగి వచ్చాయి. మిగిలిన పదిహేను కోసం ఇంకా తిరుగుతున్నాడు. గాజులు ఇంకా విడిపించలేదు. అబ్బాయి చేతిలో మాత్రం ఐటిఐ దరఖాస్తు ఉంది. "రెండేళ్లు, ఆపైన అప్రెంటిస్ ఒక ఏడాది... మూడేళ్లు ఇల్లెలా గడవాలి మౌల్వీసాబ్?" అని తండ్రి అడిగాడు. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఆ అబ్బాయే చెప్పాడు, "అబ్బా, సాయంత్రాలు నేను ఆటో నడుపుతాను" అని.

తల్లిదండ్రులారా! ఆ మూడేళ్లు బరువైనవే. కాని ఆ బరువు మోయలేక గేటు లోపలికి ఉత్త చేతులతో పంపితే, ఆ బరువును పిల్లవాడు జీవితాంతం మోస్తాడు. ఈసారి ఎవరైనా మీ ఇంటికి వచ్చి "ప్లాంటు ఉద్యోగం" అంటే, ఒకే ప్రశ్న అడగండి. మా వాడి చేతికి లాగ్‌బుక్కు ఇస్తారా, బస్తా ఇస్తారా? జవాబు విన్న తర్వాతే పెట్టె తాళం తీయండి.